మొదటి చుక్క

తిబుర్సియో చనిపోయి కూడా స్టీరింగ్ వదల్లేదు.

జూలై ఇరవై ఎనిమిది, ఉదయం ఏడున్నర. ఉయుని ఉప్పు మైదానం నడిమధ్యన అతని ల్యాండ్ క్రూజర్ ఆగి ఉంది. అద్దాలకు లోపలి నుంచి మంచు పేరుకుంది. డాష్‌బోర్డు మీద చిన్న గాజు గ్లాసు. అందులో అడుగున వేలెడు సింగాని, నీళ్ళలా తేటగా ఉండే ద్రాక్ష సారా. తలుపు పక్కన తెల్లటి ఉప్పు మీద అరచేయంత ఎర్రటి మరక.

ఎలిసియో కాయాపా మోకాళ్ళ మీద వంగి వాసన చూశాడు. రక్తం కాదు. వైన్.

"భూమితల్లికి పోసినట్టున్నాడు," అన్నాడు శవాన్ని మొదట చూసిన ఉప్పు కూలీ, టోపీ చేతిలో పట్టుకుని. "ఆమెకి పోయకుండా గుక్క దిగే మనిషి కాదు, పాపం."

ఎలిసియో తలూపాడు. భూమితల్లి పచమామకు మొదటి చుక్క పోయకుండా ఈ నేల మీద ఎవరు తాగుతారు? అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేడు. ఇరవై రోజుల క్రితం ఇదే తిబుర్సియో అతని పెళ్ళికి పెద్దగా నిలబడ్డాడు. కొత్త జంట తలల మీద దోసిళ్ళకొద్దీ రంగు కాగితం ముక్కలు చల్లాడు. వాటిలో ఒకటి, పసుపుపచ్చది, ఎలిసియో కోటు జేబు మూలలో ఇంకా ఉంది. వేలికి తగిలింది.

ఇద్దరిదీ ఒకే ఉద్యోగం. పైకి టూరిస్టు జీపుల డ్రైవర్లు. లోపల గూఢచార శాఖ సెక్షన్ నాలుగు ఏజెంట్లు.

* * *

కర్నల్ ఉర్కీది ఉయుని బజారులో ఊలు టోపీల వ్యాపారి వేషంలో ఉన్నాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే, బ్రీఫింగ్ మధ్యలో రెండుసార్లు లేచి టోపీలు అమ్మి వచ్చాడు.

"బయటికి కల్తీ సారా అని చెప్పాం," అన్నాడు. "లోపలి రిపోర్టు సయనైడ్."

"ఎవరు?"

"కోబాల్ట్ రింగ్. మనిషెవరో తెలీదు. గ్లాసు అందుకున్నాడంటే తెలిసినవాళ్ళే ఇచ్చి ఉండాలి."

ఎలిసియో ఊదారంగు మొక్కజొన్న జావ తాగుతూ విన్నాడు. విషయం చిన్నది, భారం పెద్దది. ఇంజినీర్ నిన్ఫా కోల్కే లిథియం ప్లాంటులో పదకొండేళ్ళు పనిచేసింది. కోబాల్ట్ అనే విదేశీ ముఠా దొంగ శాంపిళ్ళు చూపించి, ఉప్పు మైదానం అడుగున ఏమీ లేదని నమ్మించి, మొత్తం నలభై ఏళ్ళకు రాయించుకోబోతోంది. అసలు లెక్కలు నిన్ఫా చేతిరాత నోటుబుక్కులో ఉన్నాయి. ఆగస్టు ఐదున ఆమె దేశం బయట కూర్చునే ట్రిబ్యునల్ ముందు నిలబడాలి. ప్రాణాలతో.

"ఎయిర్‌పోర్టుల మీద, బస్టాండ్ల మీద నిఘా ఉంది. టూరిస్టు జీపు మీద లేదు," అన్నాడు కర్నల్. "మూడు రోజుల ట్రిప్పు. మైదానం, సరస్సులు, మూడో రోజు తొమ్మిదింటికి చిలీ సరిహద్దు. తిబుర్సియో నడపాల్సింది."

"నేను నడుపుతాను."

"వంటమనిషి?"

"నా భార్య."

"ఆమెకి తెలుసా?"

"పెళ్ళికి ముందే చెప్పాను. గూఢచారైతే ఏం, తాగుబోతు కాకపోతే చాలు అంది."

కర్నల్ నవ్వలేదు. ఒక సిగరెట్ లైటర్ బల్ల మీద జరిపాడు. "ట్రాన్స్‌మిటర్. మూడుసార్లు నొక్కితే సరిహద్దు పోస్టుకి సిగ్నల్."

"ఒకసారి నొక్కితే?"

"సిగరెట్ వెలుగుతుంది. జీపులో మన ఏజెంట్ ఇంకొకరు ఉంటారు. సరస్సులో ఫ్లెమింగోలు ఎన్ని అని అడుగు. లెక్కపెట్టినవాడు చలికి పోయాడు అని జవాబు వస్తుంది."

* * *

ఆగస్టు ఒకటి. భూమితల్లి నోరు తెరుచుకుని ఉండే నెల. ఈ నెలలో ఆమెకు ఏది పెట్టినా నేరుగా కడుపులోకి పోతుంది.

జీపులో ముగ్గురు ప్రయాణికులు. స్కూలు టీచర్ వేషంలో, చెవుల దాకా టోపీ లాగుకున్న నిన్ఫా. డ్రోన్ పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్న యోస్ట్ అనే ముసలి బెల్జియం ఫొటోగ్రాఫర్. మూడో ప్రయాణికురాలు దిగగానే వీధిలో మిగతా డ్రైవర్లు మాటలు ఆపేశారు. ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, చలికి కూడా చెదరని పెదాల రంగు. లా పాజ్ అమ్మాయి.

"సరస్సులో ఫ్లెమింగోలు ఎన్నుంటాయి, మేడమ్?"

"లెక్కపెట్టినవాడు చలికి పోయాడు, డ్రైవరు గారూ." ఆమె గొంతు తగ్గించింది. "మిర్తా లెదెస్మా. తిబుర్సియో సంగతి విన్నాను. మంచివాడు."

యొబానా ముందు సీట్లో బంగాళాదుంపల బస్తా సర్దుకుంటూ మొగుడి డొక్కలో పొడిచింది. "సిగ్నల్ అందిందిగా, ఇంక చూపు తిప్పుకో."

"డ్యూటీలో ఉన్నానే."

"ఆ ఎర్ర కోటు మీదేనా డ్యూటీ?"

ఎలిసియో గేరు మార్చాడు. అలా తిట్టించుకోవడం కూడా అతనికి కొత్తగా, హాయిగా ఉంది.

మధ్యాహ్నం, కాక్టస్ ద్వీపం దాటాక, అద్దంలో నల్ల చుక్క కనిపించింది. చుక్క పెరిగి పికప్ అయింది. టూరిస్టు జీపుల దారి వదిలి సూటిగా ఇటే వస్తోంది.

"అందరూ బెల్టులు పెట్టుకోండి," అన్నాడు.

దక్షిణానికి తిప్పాడు. అక్కడ ఉప్పు అంత తెల్లగా ఉండదు. కాస్త బూడిద రంగు తిరుగుతుంది. అవి ఉప్పు కళ్ళు. అడుగున నీళ్ళు ఊరి పైపొర అప్పడంలా పలచబడిన చోట్లు. తండ్రి పక్కన కూర్చుని తొమ్మిదో ఏట నేర్చుకున్న దారి అది. స్పీడు తగ్గించి, రెండు బూడిద మచ్చల మధ్య నుంచి జీపును పోనిచ్చాడు. కింద పొర కిర్రుమంది. యొబానా అతని చొక్కా అంచు పట్టుకుంది. వదల్లేదు.

పికప్ స్పీడు తగ్గించలేదు. పెళుసుగా ఒక శబ్దం. దాని ముక్కు ఉప్పులో దిగిపోయి, వెనక చక్రాలు గాల్లో తిరుగుతూ ఉండిపోయాయి.

"మనుషులు బయటపడ్డారా?" అంది నిన్ఫా.

"అద్దంలో కనపడట్లేదక్కా."

ఎలిసియో జీపును మళ్ళీ తెల్లటి ఉప్పు వైపు తిప్పాడు.

సాయంత్రం ఉప్పు ఇటుకల సత్రం దగ్గర మిర్తా అతన్ని పక్కకు పిలిచింది. "మన దారి వాళ్ళకి ఎలా తెలిసింది? పైనుంచి చూసే కన్ను ఒకటే ఉంది జీపులో." ఆమె చూపు యోస్ట్ డ్రోన్ పెట్టె మీద ఉంది. "ముసలాడిని నాకొదిలెయ్. నువ్వు దారి చూసుకో."

లోపల యోస్ట్, యొబానా ఇచ్చిన బీరు గ్లాసు ఎత్తబోయి చెయ్యి మీద దెబ్బ తిన్నాడు.

"ముందు అమ్మకి, తాతా. తర్వాత నీకు."

ముసలాయన బిత్తరపోయి ఒక చుక్క నేల మీద ఒలికించాడు.

"కాస్త ధారాళంగా. పిసినారిలా ఏంటది."

* * *

రెండో రోజంతా గాలి. సరస్సు తర్వాత సరస్సు, అంచుల్లో మంచులో కాళ్ళు చిక్కుకుని కదలని ఫ్లెమింగోలు. వాటిలో ఒకటి చచ్చిపోయి కూడా నిలబడే ఉంది. ఎలిసియోకు స్టీరింగ్ పట్టుకున్న తిబుర్సియో గుర్తొచ్చాడు.

కనుమ దగ్గర, ప్రయాణికులు పేర్చిన రాళ్ళ గుట్ట ముందు జీపు ఆపాడు. మిర్తా చేతి తొడుగులు తీసేసింది. మైనస్ పన్నెండు చలిలో ఒట్టి చేతులతో మంచి కోకా ఆకులు మూడు ఏరి, రాళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.

"పట్నం పిల్లే గానీ భక్తి ఉంది," అంది యొబానా కొంచెం మెత్తబడి.

"మా అమ్మమ్మ పెంచింది," అంది మిర్తా. "ఆగస్టులో తప్పు చేస్తే వంశం మిగలదు అనేది."

ఆ రాత్రి ఎలిసియో యోస్ట్ పెట్టె వెతికాడు. డ్రోన్, బ్యాటరీలు, మనవరాలి ఫొటో. అంతే.

* * *

మూడో రోజు ఉదయం ఎనిమిది. లికాంకబూర్ అగ్నిపర్వతం కింద లగునా వెర్దె ఇంకా బూడిద రంగులోనే ఉంది. గాలి లేస్తే తప్ప ఆ సరస్సు ఆకుపచ్చగా మారదు. నీళ్ళలో ఆర్సెనిక్. ఒడ్డున పిట్ట కూడా వాలదు. సరిహద్దు అరగంట దూరం.

ప్రతి ట్రిప్పూ ఇక్కడ ఆగుతుంది. వీడ్కోలు గుక్క తాగి బయల్దేరడం వాడుక.

నిన్ఫా టోపీ అస్తరు విప్పి, పల్చటి నోటుబుక్కు బయటికి తీసి గుండెల దగ్గర పెట్టుకుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె నవ్వింది. "ఇక్కడిదాకా వస్తానని అనుకోలేదు తమ్ముడూ."

"అయితే ఇవాళ విందు నాది," అంది మిర్తా.

ఆమె కోటులోంచి ఒక వెండి ఫ్లాస్కు తీసింది. ఐదు చిన్న గ్లాసుల్లో సింగాని పోసింది. తర్వాత ఎడమ జేబులోంచి మందుసీసా అంత చిన్న సీసా ఒకటి తీసి, మూత తిప్పి, వంగి, భక్తిగా నేల మీద పోసింది. ఎర్రటి మరక పడింది.

వైన్.

ఎలిసియో గ్లాసు అందుకుని ఆ మరకనే చూస్తూ నిలబడ్డాడు. తను తాగేదాంట్లోంచి మొదటి చుక్క ఇవ్వాలి. అమ్మకు ఒకటి, మనకు ఇంకొకటి ఎవరు పెడతారు? ఎందుకు పెడతారు?

పక్కన యోస్ట్, యొబానా నేర్పిన పాఠం తప్పకుండా, తన గ్లాసు నేల మీదికి ధారాళంగా వంచబోయాడు. మిర్తా చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దు. అందరి తరఫునా నేను పోసేశాను. తాగండి, చలికి గడ్డకట్టిపోతారు."

అమ్మకు పోసే చేతిని ఈ దేశంలో ఎవరూ ఆపరు.

తెల్లటి ఉప్పు. అరచేయంత ఎర్రటి మరక. డాష్‌బోర్డు మీద తేటగా సింగాని. ఎలిసియో తలెత్తేసరికి నిన్ఫా గ్లాసు ఆమె పెదాలకు ఆనింది.

అతను గ్లాసును కొట్టిన దెబ్బకు నిన్ఫా పెదవి చిట్లింది. గ్లాసు ఎగిరిపడి, సింగాని అంతా పొడి నేల మీద ఒలికింది. నేల గుక్కలో పీల్చేసుకుంది.

"ఎవరూ తాగకండి. గ్లాసులు అలాగే పట్టుకోండి."

మిర్తా చేతిలో చిన్న పిస్టల్ ఉంది. ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు.

"నోటుబుక్కు ఇలా తే, ఇంజినీరమ్మా." పిస్టల్ ఎలిసియో గుండెకు గురిపెట్టింది. "మీ నలుగురూ కల్తీ సారా తాగి పోయారు. నేను మాత్రం తాగను. అంతే కథ."

"నలుగురం కాదు, ఐదుగురం," అన్నాడు ఎలిసియో. "ఐదోవాడు తిబుర్సియో. అతనికీ నువ్వే పోశావు."

"అడగ్గానే అందుకున్నాడు. కష్టపడలేదు."

"అమ్మకి మాత్రం వైన్ పోశావు."

మిర్తా కళ్ళు ఒక్క క్షణం కిందికి దిగాయి. తడిసిన నేల మీదికి. పిస్టల్ అతని గుండెకు గురిపెట్టే ఉంది గానీ, ముఖంలో రంగు పోయింది. పెదాల రంగు ఒక్కటే మిగిలింది.

"ఏం చేశావురా," అంది. "అమ్మ చేత విషం తాగించావు. ఆగస్టులో."

యొబానాకు ఆ క్షణం చాలు. థర్మాస్ మూత ఎప్పుడో తీసి పెట్టుకుంది. ఈ ఎత్తులో నీళ్ళు ఎనభై ఐదు డిగ్రీలకే మరుగుతాయి. అయినా మిర్తా చేతి మీద చిమ్మడానికి సరిపోతాయి. పిస్టల్ ఒకసారి ఆకాశంలోకి పేలింది, రెండోసారి పేలలేదు. ఎలిసియో మోకాలు మిర్తా వెన్ను మీద పడింది. యోస్ట్ తన కెమెరా పట్టీ విప్పి అందించాడు. చేతులు కట్టడానికి బాగా పనికొచ్చింది.

ఎలిసియో లైటర్ నొక్కాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కూడా మంటే వచ్చింది. నాలుగోసారికి, అదృష్టవశాత్తూ, సరిహద్దు వైపు దుమ్ము లేచింది.

* * *

తొమ్మిదికి రెండు నిమిషాల ముందు నిన్ఫా కోల్కే చిట్లిన పెదవితో గేటు దాటింది. అంతకుముందు సరస్సు ఒడ్డున, గార్డుల జీపెక్కుతూ యొబానాను కావలించుకుంది. ఏడ్చిందో, గాలికి కళ్ళు చెమర్చాయో తెలీదు.

గార్డులు మిర్తాను ఇంకో జీపెక్కిస్తుంటే ఆమె కాలిన చెయ్యి గురించి అడగలేదు. లాయర్ గురించి అడగలేదు.

"ఆ మట్టి తీసేయండి," అంది. "మీకు దణ్ణం పెడతాను. ఆ మట్టి తీసేయండి."

సరస్సు ఒడ్డున యొబానా అప్పటికే ఆ పనిలో ఉంది. తడిసిన మట్టిని పారతో ఎత్తి, సాక్ష్యం కోసం ప్లాస్టిక్ సంచిలో వేసింది. గుంట ఇంకా లోతుగా తవ్వి, అడుగున పొడి నేల తగిలాక, దాచుకున్న పెళ్ళినాటి బీరు సీసా తెచ్చి మొత్తం అందులో పోసింది.

"అంతా పోశావేంటి?" అన్నాడు ఎలిసియో. "మన మొదటి నెల పండక్కి దాచాంగా."

"నోరు కడుక్కోవాలి కదా అమ్మ."

అతను జేబులోంచి పసుపు కాగితం ముక్క తీశాడు. కాసేపు చూసి, తిబుర్సియో వాటాగా ఆ గుంటలో వేశాడు. గాలి లేచింది. సరస్సు అంచు నుంచి ఆకుపచ్చ రంగు మెల్లగా లోపలికి పాకింది.

రేడియోలో కర్నల్ అడిగాడు. "మన ఏజెంటే వాళ్ళకి అమ్ముడుపోయిందన్నమాట. ఎలా పట్టుకున్నావు?"

"ఆమెకి మనుషులంటే భయం లేదు సార్. నేలంటే ఉంది."

"రిపోర్టులో అలా రాయకు. పైవాళ్ళకి అర్థం కాదు. సాక్ష్యం ఏముంది?"

"నాలుగు గ్లాసులు, ఒక సంచీ మట్టి."

"ఇంకేమైనా?"

ఎలిసియో బూటుతో నేలను మెల్లగా తట్టి చూశాడు.

"ఇప్పటివరకైతే భూకంపం రాలేదు సార్."