పన్నెండో గొట్టం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! జూలై ఎండకు అరబ్బుల ఊరు ఫహాహీల్ వీధులు నిర్మానుష్యంగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఎడారి వైపు నుంచి ధూళి తుఫాను ఉవ్వెత్తున లేచింది... పట్టపగలే కటిక చీకటి కమ్ముకుంది!

సముద్రం ఒడ్డున తుర్కుల కాలం నాటి హమ్మాం. ఒకప్పటి ఆ ఆవిరి స్నానశాలను ఇప్పుడు కాఫీషాపుగా మారుస్తున్నారు. ఆ పనికొచ్చిన రాయచోటి తాపీమేస్త్రీ ఖాసిం వలి దాని గర్భంలోనే బందీ అయిపోయాడు! ఇనుప తలుపుకు లోపలినుంచి తాళం. తాళంచెవుల గుత్తి ఫోర్‌మన్ ముజీబ్ నడుముకు వేలాడుతోంది.

నట్టనడుమ పాలరాతి తిన్నె మీద క్రిస్టీనా! అక్కడ ఊడ్చి తుడిచే గోదావరి మనిషి. జుట్టు విరబోసుకుని గిలగిలా కొట్టుకుంటోంది.

"అన్నయ్యా... నన్ను చంపేత్తన్నాడు అన్నయ్యా!"

మరుక్షణం అదే నోట ఒక మగగొంతు, తెలియని భాషలో భీకరంగా గర్జించింది!

గోడకు వీపు ఆన్చి కూర్చున్న ముజీబ్ పకపకా నవ్వాడు. అతని తలపైన గూట్లో నల్లబడిన కపాలం.

"ఈ హమ్మాం పొయ్యి కింద నిద్రపోయే జిన్నును లేపినా! పొగగొట్టాలు పన్నెండూ నువ్వే మూసినావు గదరా వలీ. ఇంగ యాడికి పోతాది? ఈ ఆడమనిషి ప్రాణం తాగి నాకు బానిసైతాది. ఖలాస్!"

ఖాసిం వలి చుట్టూ గోడలు కలయజూశాడు. గోడల్లోని ఆ మట్టిగొట్టాలను కాఫీషాపుకు అడ్డమంటే నమ్మి మూసింది తనే. చేతులారా చేసిన పాపం! పాపిష్టి చేతులని తిట్టుకున్నాడు... అంతలోనే ఉలిక్కిపడ్డాడు.

పన్నెండూ ఎక్కడ మూశాడు? పదకొండే!

'పాత గోడ మూసేటప్పుడు ఒక కంత వదలాల బేటా. మనకంటే ముందున్నోళ్లకు దోవ ఉండాల' అనేవాడు వాళ్ల అబ్బా. ఆ అలవాటుకొద్దీ ఒకటి వదిలి, గూట్లో దాని నోటికి ఉత్త రేకుముక్క అడ్డం పెట్టాడు. చూసుకోకుండా ముజీబ్ దాని ముందే కపాలం నిలబెట్టాడు!

ఖాసిం వలి తిన్నె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యా! నీకు దోవ ఉండాది! ఆ పుర్రె ఎనకాలే... పో సామీ! ఆ బిడ్డను ఇడిసిపెట్టు!"

"ఒరే, నోరు ముయ్!" అరిచాడు ముజీబ్.

హమ్మాం దద్దరిల్లింది! క్రిస్టీనా నోట్లోంచి నల్లటి ఆవిరి సుడులు తిరుగుతూ లేచి, గూటి వైపు దూసుకుపోయింది. దాని దారిలో ముజీబ్ ఉన్నాడు.

"ఆగు! నేను నీ యజమానిని... ఆ... ఆ...!"

కపాలం భళ్లున పగిలింది. గోడ దగ్గర మిగిలింది పిడికెడు బూడిద... అందులో తాళంచెవుల గుత్తి!

"అన్నయ్యా... మంచినీళ్లు" అంది క్రిస్టీనా నీరసంగా. ఆ మాట విని ఖాసిం వలి భోరున ఏడ్చేశాడు. ఆమెను భుజాన వేసుకుని బయటపడేసరికి తుఫాను వెలిసింది. ఆ మండుటెండ కూడా చల్లగా తోచింది.

ఇప్పుడక్కడ కాఫీషాపు కళకళలాడుతోంది. తిన్నెకూ ఆ గూటికీ మధ్య మాత్రం కుర్చీ వేయనివ్వలేదు ఖాసిం వలి.