చెట్ల ఉపవాసం

తెల్లారగానే జయకుమార్ చేసే మొదటి పని, గోడకున్న చర్చి క్యాలెండర్ మీద పెన్సిలుతో ఒక గీత కొట్టడం. ఆ శుక్రవారం ఇరవై ఎనిమిదో గీత కొట్టి, కూతురు కెజియా ఇచ్చిన కాఫీ ఊదుకుంటూ తాగాడు.

"ఇంకా పన్నెండు రోజులు," అన్నాడు తృప్తిగా.

"అప్పటిదాకా చెట్లు ఉంటే గదా నాయనా!" అంది కెజియా.

కోట అనే ఊరి దగ్గర ఆయనకు ఎకరంన్నర నిమ్మతోట ఉంది. నిమ్మచెట్టుకు కొన్నాళ్ళు నీళ్ళు ఆపి బెట్టకు పెడితేనే పూత విరగబూస్తుందని తోట పెట్టిన ప్రతివాడికీ తెలుసు. ఎన్నాళ్ళన్నదే పేచీ. జయకుమార్ లెక్క నలభై. ప్రభువు నలభై దినాలు ఉపవాసమున్నాడు, నిమ్మచెట్టుకేం రోగం? సెప్టెంబరు ఒకటిన మోటారు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడంటే ఇక అంతే. బతిమాలినా, పోట్లాడినా బయటికి తీయడు. అంత మొండిఘటం.

ఒకప్పుడు ఆ లెక్క నడిచింది. నలభయ్యో రోజుకు అటూ ఇటూగా సముద్రం మీంచి మబ్బు లేచేది. వాన పడ్డ రెండు వారాలకు తోటంతా తెల్లగా పూసేది. ఆ వాసన కోసం భార్య ఆనందకుమారి వాకిట్లో నులకమంచం వాల్చుకుని, "ఏమయ్యా, నీ చెట్లు ఉపవాసం విడిచినాయి, చూద్దువు రా!" అని పిలిచేది. కెజియా పుట్టిన ఏడు ఆమె తన చేత్తో నాటిన చెట్లవి, మొత్తం అరవై. ఆమె పోయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఇరవై రెండు చెట్లు నిలువునా ఎండిపోయాయి.

ఇప్పుడు సెప్టెంబరు ఎండ రోహిణీ కార్తెను తలపిస్తోంది. అక్టోబరు వాన ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. గూడూరులో రైతుల శిక్షణకు వెళ్ళొచ్చినప్పటి నుంచీ కెజియా ఒకటే పోరు. "చెట్ల మొదట్లో తడి ఆరకుండా వరిగడ్డి పరుద్దాం. రోజులు లెక్కబెట్టేది కాదు నాయనా, ఆకును చూడాల. ముడుచుకోంగానే ఒక తడి ఇయ్యాల." ఆయనదీ ఒకటే జవాబు. "మీ అమ్మ ఉన్నప్పటి పద్ధతి ఇది. మార్చేది లేదు."

తొమ్మిదింటికి బైబిలు చంకన పెట్టుకుని ఉపవాస ప్రార్థనకు వెళ్ళాడు. పాస్టరు జడ్సన్ గారికి జ్వరమని ప్రార్థన మధ్యలోనే ముగిసింది. అడ్డదారిన తోటలోంచి వస్తూ ఉన్నచోటే ఆగిపోయాడు. ఇసుకలో ఎప్పుడో తవ్విన దొరువు గుంటలోంచి కెజియా నీళ్ళు ముంచి చెట్లకు పోస్తోంది. ఊళ్ళో చేపలమ్మే గురవమ్మ, తన గంప గట్టున దించి, ఆమెకు బిందెలు అందిస్తోంది.

"ఎవరి మాట మీద పోస్తుండావు?" జయకుమార్ అరిచాడు. "నా మాటంటే నీకు పూచికపుల్లా?"

"చెట్లు చస్తా ఉంటే చూస్తా కూర్చోమంటావా?" కెజియా బిందె దించలేదు. "ఇంకో పది పోయినాయంటే తోటనేది ఉండదు. రొయ్యల గుంటకు ఇచ్చేయడమే గతి!"

"ఇచ్చేస్తా గానీ మీ అమ్మ పద్ధతి తప్పను! ఆమే బతికుంటే నీ చేతిలో బిందె పెరుక్కోని ఉండును!"

గురవమ్మ చేతిలో బిందె దబ్బున కింద పెట్టింది.

"పెరుక్కుంటుందా! జయన్నా, ఆ తల్లి నాకు నేర్పిన పనే ఇది. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది కాబట్టి మూడేళ్ళు నోరు కట్టుకున్నా. ఎండలు ముదిరిన కాణ్ణించి, శుక్రవారం శుక్రవారం నువ్వట్టా ప్రార్థనకు పోంగానే, ఇద్దరం ఈ దొరువు నీళ్ళే మోసినాం. ఆకు ముడిచిన చెట్టుకల్లా ఒక బిందె."

"అబద్ధం! ఆనందకు మోకాళ్ళ నొప్పులు. శుక్రవారం గడప దాటేది కాదు."

"మోకాళ్ళ నొప్పులున్న మనిషి ముప్పై బిందెలు మోస్తుందా అన్నా? అది నీకు చెప్పిన సాకు!" అంది గురవమ్మ. "'ఎండలు మారినాయి గురవమ్మా, మా ఆయన మారడు. ఆయన మాటా పోకూడదు, చెట్టూ పోకూడదు' అనేది."

జయకుమార్ కాళ్ళ కింద తడిసిన ఇసుకను చూశాడు. శుక్రవారాలు తను ఇంటికొచ్చేసరికి ఆనంద చీర కుచ్చెళ్ళు తడిసి ఉండేవి. బట్టలుతికిందేమో అనుకునేవాడు. "నా బదులు కూడా నువ్వే ప్రార్థన చేసి రా అయ్యా" అని నవ్వుతూ సాగనంపేది. ఒక ఆదివారం సంఘమంతా వింటుండగా, "మా ఇంటిదానికి దేవుడికన్నా మోకాళ్ళే ఎక్కువ" అన్నాడు తను. అందరూ నవ్వారు. తల దించుకుని ఆమె కూడా నవ్వింది.

ఆయన ఆ తడి ఇసుకలోనే కూలబడ్డాడు. భార్య పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

"నా నలభై రోజులే తోటను కాచినాయనుకున్నా తల్లీ," అన్నాడు వెక్కుతూ. "నీళ్ళు మోసి కాచింది మీ అమ్మ."

కెజియా బిందె వదిలేసి తండ్రిని పొదివి పట్టుకుంది. ఆమెకూ ఈ సంగతి అప్పుడే తెలిసింది. కాసేపటికి ఆయన జేబులోంచి తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఇరవై ఎనిమిదో రోజున మోటారు మోగింది.

మరుసటి శుక్రవారం, సాక్ష్యాలు చెప్పే వేళ, జయకుమార్ లేచి నిలబడ్డాడు.

"ఇదే మందిరంలో నా భార్యను నవ్వులపాలు చేసినాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు లేవు. మనం ఇక్కడ మోకరించి ఉంటే ఆమె చెట్లకు నీళ్ళు మోసింది. నా మాట పోకూడదని భక్తి లేనిదనిపించుకునింది. దేవుణ్ణి క్షమాపణ అడిగినాను. ఆనందను అడిగే దారి లేదు. అందుకని మీ అందరి ముందర చెప్తున్నాను." ఈసారి ఎవరూ నవ్వలేదు.

కూర్చోబోయి, మళ్ళీ నిలబడ్డాడు.

"ఇంకో మాట పాస్టరుగారూ. వచ్చే శుక్రవారం నేను రాను. తోటలో గడ్డి పరవాల. ఎవరైనా అడిగితే, జయకుమార్‌కు మోకాళ్ళ నొప్పులని చెప్పండి."

ఆడవాళ్ళ వైపు కూర్చున్న కెజియాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చున్నీతో ముఖం కప్పుకుంది.