మూడాకుల మొక్క

పొలంలో బోర్లా పడి ఉన్న మనిషి ఫొటోను చీఫ్ బల్ల మీదుగా ముందుకు తోశాడు.

"మనవాడే. కలుపు తీసే రోబో కింద పడ్డాడు. యాక్సిడెంట్ అని రిపోర్ట్. కానీ మనిషి అడ్డొస్తే రెండు మీటర్ల దూరంలోనే ఆగిపోయే మిషన్ అది."

పిన్ని ఫొటో చూసింది. ఏమీ అనిపించలేదు. పదకొండు రోజులుగా ఏం చూసినా అంతే. అక్క పోయినప్పటి నుంచి కాఫీ వేడిగా ఉందో చల్లారిందో కూడా నోటికి తెలియడం లేదు. మొదటి రెండు రోజులూ ఏడుపు కోసం ఎదురుచూసింది. రాలేదు. మూడో రోజు సెలవు రద్దు చేసుకుని ఆఫీసుకొచ్చేసింది.

నిఘా డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు పిన్నే. యాభై దాటి, చేతిసంచీతో, చెవికి మిషన్ పెట్టుకుని తిరిగే ఆడమనిషిని ఎవరూ రెండోసారి చూడరు. ఆ చెవి మిషన్‌లో రేడియో ఉంటుందని అసలే అనుకోరు.

"ఆధునిక వ్యవసాయంలో డేటా అనాలిసిస్, రోబోటిక్స్. ఆరు రోజుల ప్రాక్టికల్ ట్రైనింగ్," అన్నాడు చీఫ్. "నువ్వు రైతుగా చేరుతున్నావు. ఆఖరి రోజు ఆ సెంటర్ నుంచి దేశంలోని నాలుగు వేల రోబోలకు కొత్త ప్రోగ్రామ్ వెళ్తుంది. విదేశీ ముఠా అందులో ఏదో కలుపుతోంది. ఏమిటో కనుక్కోబోయినవాడు ఇదిగో, ఇలా పడున్నాడు."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"ఒకావిడ ఉంది. డేటా ట్రైనర్. 'మట్టి ఎంత లోతు తడిసింది?' అని అడుగు. 'వేలెడు కూడా లేదు' అంటే మన మనిషి."

సెంటర్‌లో ఆ ట్రైనర్‌ను అందరూ మేడం అనేవారు. ఎర్ర ఫ్రేము కళ్ళజోడు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, నలగని తెల్ల చొక్కా. పొలంలో నడిచొచ్చినా ఆవిడ బూట్లకు మట్టి అంటేది కాదు. ఆవిడ గదిలోకొస్తే ముప్పైమంది రైతులూ వీపు నిటారుగా పెట్టి కూర్చునేవారు. మొదటి రోజే పిన్ని కోడ్ అడిగింది. జవాబు అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

పని పిన్నికి హాయిగా ఉంది. పొద్దున మట్టిలో తేమ సెన్సర్లు గుచ్చి, అంకెలు పట్టికలోకి ఎక్కించాలి. తర్వాత ఫొటోలు. తెర మీద ఒక్కో మొక్క చుట్టూ గడి గీయాలి. పంటైతే ఆకుపచ్చ, కలుపైతే ఎరుపు. ఏది పీకాలో ఏది వదలాలో రోబో ఆ గడులు చూసే నేర్చుకుంటుంది. గడి, క్లిక్. గడి, క్లిక్. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

మూడో రోజు అక్క కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మ బట్టలేం చెయ్యమంటావు? బీరువా తెరవడం నావల్ల కావట్లేదు."

"నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా."

"నీకేం వద్దా? ఒక్కటైనా?"

"క్లాసులో ఉన్నానే."

"సరేలే," అని పిల్ల పెట్టేసింది. పిన్ని మళ్ళీ మౌస్ మీద చెయ్యి వేసింది.

ఐదో రోజు తన గడులు సరిచూసుకుందామని పట్టిక తెరిచింది. మూడాకులేసిన లేత మొక్కలు రెండువందల పన్నెండు. అన్నిటికీ తను పంట అనే గీసింది. ఇప్పుడు అన్నీ కలుపుగా మారి ఉన్నాయి. ముదురు మొక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

రేపు కొత్త ప్రోగ్రామ్ డెమో జరిగే పొలంలో మొక్కలు మోకాలెత్తు. రోబో వాటి జోలికి పోదు, అందరూ చప్పట్లు కొడతారు. కొన్నాళ్ళకు దేశమంతటా విత్తనం మొలిచి మూడో ఆకు వేస్తుంది. అప్పుడు నాలుగు వేల రోబోలు పంటనంతా పీకి పారేస్తాయి.

పిన్ని ఈ సంగతి మేడం చెవిన వేసింది.

"నేనూ చూశాను," అంది మేడం గొంతు తగ్గించి. "రేపు సాయంత్రం నాలుగింటికి సర్వర్ రూమ్ నుంచి పంపిస్తారు. మీరు ఆ టైముకి రండి, తలుపు తీసి ఉంచుతాను. ఈలోపు పైకి చెప్పకండి, మన రేడియోను వాళ్ళు వింటున్నారు."

పిన్ని తలూపింది.

ఆరో రోజు పొద్దున అందరూ పొలంలోకి వెళ్తుంటే, పిన్ని ఆ పట్టికను ఊరికే టైమ్ కాలమ్ ప్రకారం సార్ట్ చేసింది. మార్పులన్నీ రోజూ ఒంటిగంటకూ ఒకటిన్నరకూ మధ్య జరిగినవే. ఆ సమయానికి సెంటర్ మొత్తం క్యాంటీన్‌లో ఉంటుంది. మధ్యాహ్నం భోజనం మానేశానని చెప్పేది ఒక్క మేడమే.

"చీఫ్," అంది చెవి మిషన్‌లో. "మన మనిషి మన మనిషి కాదు."

"టీమ్ రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆపగలవా?"

కిటికీలోంచి మెకానిక్ మైకు వినిపిస్తోంది. "సాలు చివర జెండా ఉంది. మిషన్ దాన్ని తాకితే ట్రయల్ పాస్. తాకిన క్షణమే ప్రోగ్రామ్ అన్ని మిషన్లకూ తనంతట తానే వెళ్ళిపోతుంది. మధ్యలో ఆగితే ఫెయిల్, రిలీజ్ రద్దు."

నాలుగింటి మాట అబద్ధం. రోబో అప్పటికే సగం సాలు దాటింది.

పిన్ని బయటికి పరుగెత్తి, పొలం చుట్టూ కట్టిన తాడు కింద నుంచి దూరి, మొక్కల మధ్య నడిచి, జెండా కర్రకు వీపు ఆనించి సాలులో చతికిలబడింది. రైతులు లేచి నిలబడ్డారు. రోబో రెండు మీటర్ల దూరానికొచ్చింది. ఆగలేదు. గట్టు మీద మేడం బొటనవేలు రోబోను నడిపే ట్యాబ్లెట్ మీద ఉంది. ఫొటోలోని మనిషి ఎలా పోయాడో పిన్నికి అప్పుడు తెలిసింది.

"లేవండి పిన్నిగారూ," అంది మేడం, క్లాసులో మాట్లాడినంత నెమ్మదిగా. "సెన్సర్ పనిచెయ్యడం లేదు."

బ్లేడ్లు తిరుగుతున్న గాలి మొహానికి తగిలింది. భయం రావాలి కదా అనుకుంది పిన్ని. రాలేదు. ఇలాగే కూర్చుండిపోతే ఏమవుతుంది అని కూడా అనుకుంది. ఆ ఆలోచన పూర్తికాకుండానే చెయ్యి లేచింది. మిషన్ ముందు బంపర్ మీది ఎర్ర బటన్‌ను అరచేత్తో బలంగా కొట్టింది.

మణికట్టు కలుక్కుమంది. మిషన్ ఆగింది. బ్లేడు ఆమె చెప్పు కొసను కోసి నిలబడింది.

మిషన్ తెర మీద అక్షరాలు పడ్డాయి. ట్రయల్ ఫెయిల్. రిలీజ్ రద్దు.

"గేటు వెయ్యండి," అంది పిన్ని. మెకానిక్ వేశాడు. మేడం పారిపోలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంది.

"ఎలా తెలిసింది?"

"టైమ్ ప్రకారం సార్ట్ చెయ్యడం మీరే నేర్పారు కదండీ."

"అవును," అంది మేడం. "నాకిక్కడ నచ్చిన పని పాఠం చెప్పడమొక్కటే."

టీమ్ వచ్చి తీసుకెళ్ళింది.

ఆస్పత్రిలో నర్సు కట్టు కడుతూ అడిగింది. "నొప్పిగా ఉందా?"

పిన్ని కాసేపు చూసుకుంది. మణికట్టు దగ్గర సలుపుతోంది. మోచేతి దాకా పాకుతోంది.

"ఉందండీ," అంది. "చాలా ఉంది."

వారం తర్వాత చీఫ్ ఒక కవరు ఇచ్చాడు. సెంటర్ నుంచి రిజల్ట్. "ప్రాక్టికల్‌లో మిషన్‌కు అడ్డుపడ్డావట. ముప్పై ఒక్కమందిలో ఫెయిలైంది నువ్వొక్కదానివే."

"మళ్ళీ కడతాను సార్," అంది పిన్ని కాగితం మడుస్తూ. "ఎలాగూ ట్రైనర్ మారతారుగా."