గొంతుకాపు వినని మాట

"బువ్వ తిన్నావేటే?" అని సముద్రం అడుగునుంచి నూకరాజు గొంతు వినబడగానే లోవకుమారికి నవ్వొచ్చింది. ఎక్కడున్నా సరే, ఈ మొగుడి మాట అన్నంతోనే మొదలవుతుంది.

"తింటాలే. నీ పని చూసుకో," అంది, ఒడ్డున అదుపుగదిలో కూర్చుని.

కడలిగనిలోకి దిగినవాళ్ల ప్రాణాలకు కాపలా గొంతుకాపు అనే యంత్రం. వాళ్ల ప్రతి మాటనూ అది పదజల్లెడలో వేసి చూస్తుంది. ఏ మాట వస్తే ఆపదో యంత్రానికి చెప్పే గుర్తుల సూత్రమే ఆ జల్లెడ. "గాలి అందట్లేదు" అన్నది తగిలిందా, మారు సిలిండర్ తెరిచి మనిషిని పైకి లాగేస్తుంది. ఇంత నమ్మకమైన యంత్రం ఉండగా ఎందుకని చేతి మీటలన్నీ ఎప్పుడో పీకి పారేశారు. జల్లెడలను పాత యంత్రభాషలోంచి కొత్త భాషలోకి మార్చింది లోవకుమారే. ఈ పూటే అవి పనిలోకి దిగాయి.

"మరేటి లేదు గానీ లోవా, కంగారుపడకు... గాలి అందట్లేదే."

ఆమె ఆపద దీపం వంక చూసింది. పచ్చగానే ఉంది.

"మళ్లీ చెప్పు!"

"నువ్వు బెంగెట్టుకోకు... గాలి అందట్లేదు." గొంతు సన్నబడింది. దీపం మారలేదు.

ఓరి దేవుడా! ఒక్క గుర్తూ పొల్లుపోకుండా మార్చిందే! పరీక్షలో అరుపులన్నిటినీ పట్టుకుందే... అరుపులు! పాత భాష మాటంతా వెతికేది. కొత్తది అవే గుర్తులను మాట మొదట్లో మాత్రమే సరిచూసి వదిలేస్తోంది. పరీక్షకు పలికించిన వాక్యాలన్నీ "గాలి" అనే మొదలయ్యాయి. ప్రాణం మీదికొచ్చినా ఎదుటివాళ్లకు ధైర్యం చెప్పాకే తన కష్టం చెప్పుకునే మనిషి ఆమెకు గుర్తు రాలేదు. రోజూ అతనితో కాపురం చేస్తూ కూడా!

"నాకు ధైర్యం చెప్పకు! ముందు గాలి అను, తర్వాతే ఏదైనా!"

"అది కాదే, నువ్వు..."

"నీకు దండం పెడతా! గాలి అను!"

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"గాలి... అందట్లేదు."

దీపం ఎర్రబడింది. లోవకుమారి బల్ల మీద తల వాల్చి భోరుమంది.

ఆ సాయంత్రమే జల్లెడ సరిదిద్దింది. ఇక ఎలా చెప్పినా వింటుందని అందరికీ మొత్తుకుంది. గనివాళ్లెవరూ నమ్మలేదు. కావలసిన మాటే ముందు అనడం నేర్చుకున్నారు. ఆ అలవాటు వాళ్లతోపాటు ఇళ్లకూ వచ్చింది.

"నీళ్లు," అన్నాడు నూకరాజు, కంచం ముందు కూర్చుని.

ఇచ్చింది.

"కూర."

వడ్డించింది. తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. లోవకుమారి పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. అడుగుతాడేమోనని కాసేపు అక్కడే కూర్చుంది.