పక్క గదికి గురక పడదు

ఆ ఓడలో ఆరో అంతస్తు, ఆరు పద్నాలుగో నంబరు గది మంచిది కాదంటారు.

ఓడంటే చేపల పడవ కాదు. పది, పదకొండు అంతస్తులు. లోపల లిఫ్టులు, ఈతకొలను, పొద్దున్న ఇడ్లీ దగ్గర్నుంచి రాత్రి ఐస్‌క్రీము దాకా ఎంత తినగలిగితే అంత పెట్టే హోటళ్ళు… అంత వైభోగంలో దెయ్యం ఎక్కడ దూరుతుందండీ, అనిపిస్తుంది. దూరిందనే అంటారు. దానికీ సముద్రపు గాలి మీద మనసైందేమో.

కిందటేడు ఆ గదిలో ఒకాయన రాత్రి సుబ్బరంగా భోంచేసి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. అప్పట్నుంచీ ఆ గది ఎవరికీ ఇవ్వడం లేదనీ, ఇవ్వకపోయినా లోపల్నుంచి చప్పుళ్ళొస్తున్నాయనీ…

ఈ సంగతులేవీ తెలీకుండానే మునగపాకలో ఎరువుల కొట్టు నడిపే పరదేశీ, అతని భార్య నూకరత్నమూ పక్కనే ఉన్న ఆరు పన్నెండులో దిగేరు.

పురుగుమందుల కంపెనీవాళ్ళు, ఆ ఏడు తమ మందులు బాగా అమ్మిన డీలర్లని పెళ్ళాలతో సహా విశాఖపట్నంలో ఓడెక్కించేరు. పుదుచ్చేరి, చెన్నై చూపించి తీసుకొస్తామన్నారు. ఎక్కగానే కంపెనీ మేనేజరు తలా ఓ కాయితం చేతిలో పెట్టేడు. పక్క గదుల వాళ్ళతో ఎలా మసులుకోవాలో అందులో రాసుంది. తలుపులు దబేల్మని వెయ్యకూడదట. వరండాలో నిలబడి ఫోన్లో అరవకూడదట. బాల్కనీలోంచి పక్క బాల్కనీలోకి తొంగిచూడకూడదట. గోడలు పల్చన కాబట్టి రాత్రి పది దాటేక చప్పుడు చెయ్యకూడదట.

నూకరత్నం ఆఖరి ముక్క రెండుసార్లు చదివి మొగుడి మొహంలోకి చూసింది.

పరదేశి గురక మామూలు గురక కాదు. చెరుకు గానుగలో ఎండిన గడ తోస్తే ఎలా మూలుగుతుందో అలా మొదలవుతుంది. పోనుపోను ట్రాక్టరు కొండ ఎక్కుడు ఎక్కుతున్నట్టుంటుంది. వాళ్ళ వీధిలో కుక్కలు కూడా ఆ అరుగు దగ్గర పడుకోవు.

మొదటి రాత్రి పదిన్నరయింది. దీపాలార్పేరు. కింద ఎక్కడో నీళ్ళు ఓడని రాసుకుంటూ పోతున్నాయి. గానుగ మొదలైంది. నూకరత్నం దుప్పటి చెవుల దాకా లాక్కుని, నిద్రలోకి జారుతోంది…

టక్… టక్… టక్.

తలవైపు గోడ. అవతల ఆరు పద్నాలుగు.

పరదేశి గుడగుడమని ఊపిరి లాక్కుంటూ ఉలిక్కిపడి లేచేడు.

"ఏటే?"

"ఏట్నేదు మావా. నీ గురక్కి పక్కోలు గోడ కొడతన్నారు."

"నేనెక్కడ గురకెట్టేను? మెలకువగానే ఉన్నాను కదా" అని అటు తిరిగి, రెండు నిమిషాల్లో మళ్ళీ గానుగ తిప్పడం మొదలెట్టేడు.

తెల్లారేలోగా మరో నాలుగుసార్లు కొట్టేరు. కొట్టినప్పుడల్లా నూకరత్నం సిగ్గుతో సగమైపోయింది. తమ ఊళ్ళో అయితే గోడ చప్పుడైతే అవతలికెళ్ళి "ఏటప్పా, ఏటి కావాలి" అని అడగొచ్చు. ఇక్కడ తొంగిచూడ్డమే తప్పాయె.

పొద్దున్నే లేచి, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న నువ్వుల ఉండలు పది పొట్లం కట్టింది. అనకాపల్లి బెల్లంతో తను కట్టినవే. "మా ఆయన గురక వల్ల మీకు నిద్ర లేదు, ఏమీ అనుకోవద్దు, ఇట్లు ఆరు పన్నెండు" అని ఓ చీటీ రాసి అందులో పెట్టింది. వెళ్ళి ఆరు పద్నాలుగు తలుపు తట్టింది. పలుకు లేదు. లోపలికి రావద్దని చెప్పే అట్టముక్క గుబ్బకి వేలాడుతోంది. పొట్లం కూడా దానికే తగిలించి వచ్చేసింది.

టిఫిను తిని వచ్చేసరికి పొట్లం లేదు. గొడవ తీరిపోయిందనుకుంది.

మధ్యాన్నం భోజనాల దగ్గర అనకాపల్లి ఖాదర్ మొహిద్దీనూ, అతని భార్య మదీనాబీ ఎదురుగా కూర్చున్నారు. ఖాదర్‌ది పురుగుమందులు, స్ప్రేయర్ల కొట్టు. పరదేశీ అతనూ ఇరవయ్యేళ్ళుగా బావా అంటే బావా అనుకునే మనుషులు.

"పొద్దున్న నువ్వుల ఉండల పొట్లం పట్టుకెళ్ళేవు, ఎవరికిచ్చేవక్కా?" అన్నాడు ఖాదర్.

"మా పక్కోలకి. ఆరు పద్నాలుగు."

ఖాదర్ చెయ్యి బిర్యానీలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేడు.

"అక్కా… అందులో ఎవరూ నేరు."

వడ్డించేవాడొకడు తనకి చెప్పిన కిందటేటి సంగతంతా విప్పేడు. పడుకున్న మనిషి లేవకపోవడం, గది ఎవరికీ ఇవ్వకపోవడం, చప్పుళ్ళు… మదీనాబీ బల్లకింద మొగుణ్ణి గిల్లింది.

"అన్నం కాడ శవాల మాటలేటి మీకు?" అంది.

పరదేశి మొహం పాలిపోయింది. ముద్ద మింగి, మెల్లిగా అడిగేడు.

"మరి… ఉండలు ఎవరు తిన్నారు బావా?"

ఖాదర్ బిర్యానీ పళ్ళెం పక్కకి జరిపేడు.

"ఎవరైతే ఏటి?" అంది నూకరత్నం. "దానికి సుగరు నేదన్నమాట."

అందే గానీ, ఆవిడకీ చేతుల మీద రోమాలు లేచే ఉన్నాయి. చీకటి పడుతుండగా మదీనాబీ వచ్చి ఏదో చదివి నాలుగు గోడల మీదా ఊదింది. ఆవిడ వెళ్ళేక నూకరత్నం సంచీలోంచి నూకాలమ్మ గుడి కుంకం తీసి, అదే గోడకి బొట్టు పెట్టింది. ఏదో ఒకటి పట్టకపోతుందా అని.

"నేనీ రాత్రి పడుకోను" అన్నాడు పరదేశి. దీపాలన్నీ వేసి, ఫోన్లో భక్తి పాటలు పెట్టుకుని, మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పదకొండు కాకుండానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారిపోయి గానుగ మొదలెట్టేడు.

నూకరత్నం మేలుకుని గోడకేసి చూస్తోంది.

గురక… గురక…

టక్. టక్. టక్.

పరదేశి గుడగుడమని ఊపిరి లాక్కుని, కదిలి, కళ్ళు తెరవకుండానే పక్కకి ఒరిగేడు. నూకరత్నం దుప్పటి పీకల దాకా లాక్కుంది. ఒక్క క్షణం. తరవాత ఎక్కడలేని కోపమూ ముంచుకొచ్చింది. మంచం మీద మోకాళ్ళ మీద లేచి, నోరు గోడకి ఆనించింది.

"ఇదిగో… ఆడో మగో నాకు తెలీదు. ఇరవయ్యేడేళ్ళబట్టి పడతన్నాను నేనీ గురక. నువ్వు రెండు రాత్రులు పడలేవా? నా ఉండలు తిని నా గోడే కొడతావా? సచ్చిపోతే మాత్రం మర్యాద ఉండక్కర్నేదా మనిషికి?"

గోడ గమ్మునైపోయింది.

దెయ్యాన్ని తిట్టి నోరు మూయించిన ఆడది అనకాపల్లి చుట్టుపట్ల తనొక్కతే అయ్యుంటుందని, నూకరత్నం కొంచెం గర్వంగానే పడుకుంది.

గానుగ మళ్ళీ మొదలైంది. ఎక్కుడెక్కింది. ఎక్కి… ఆగిపోయింది.

ఇన్నేళ్ళూ ఆవిడ నిద్రపోయేది ఆ సందులోనే. మోత ఆగుతుంది, హమ్మయ్య అనుకుంటుంది, కళ్ళు మూతపడిపోతాయి. మళ్ళీ ఎప్పుడు మొదలైందో కూడా తెలీదు.

ఇవాళ కళ్ళు మూతపడలేదు. చెవులు గోడ మీదే ఉన్నాయి. ఇప్పుడు కొడుతుంది… ఇదిగో ఇప్పుడు…

కొట్టలేదు.

ఫోన్లో పాట అయిపోయింది. ఓడ మెల్లగా ఒక పక్కకి ఊగి, నిలదొక్కుకుంది.

అప్పుడు తట్టింది నూకరత్నానికి. గోడ ఏనాడూ గురక నడుస్తుండగా మోగలేదు. నిన్నా అంతే, ఇందాకా అంతే. మోగినదల్లా గురక ఆగేకే. మోగినప్పుడల్లా పరదేశి, నూతిలోంచి పైకి తేలినవాడిలా ఊపిరి లాక్కున్నాడు.

ఇటు తిరిగి చూసింది. పరదేశి నోరు తెరిచుంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఛాతీ కదలడం లేదు.

"కొట్టు" అంది గోడతో. "కొట్టవే…"

గోడ కొట్టలేదు.

ఇక ఆగలేదు నూకరత్నం. మావా, మావా అని కేకలేస్తూ మొగుడి భుజాలు పట్టి కుదిపేసింది. చెంప మీద ఒకటిచ్చింది. రెండోది కూడా ఇచ్చింది. మూడోది ఇవ్వబోతుంటే గొంతులో ఏదో తెగినట్టు చప్పుడై, ఊపిరి సర్రున లోపలికి పోయింది. పరదేశి దగ్గి దగ్గి, కళ్ళమ్మట నీళ్ళతో లేచి కూర్చున్నాడు.

"ఎందుకే కొడతన్నావు?" అన్నాడు.

ఆవిడ దుప్పటి అంచుతో అతని కళ్ళు తుడిచింది. ఇంతలో…

టక్. టక్. టక్.

ఈసారి గోడ కాదు. తలుపు.

పరదేశి దుప్పటి ముసుగేసేడు. నూకరత్నమే వెళ్ళి గడియ తీసింది.

వరండా దీపం కింద ఒక ఆడమనిషి. తెల్లచీర. విరబోసుకున్న నెరిసిన జుట్టు. ఆవిడ వెనక ఆరు పద్నాలుగు తలుపు బార్లా తెరిచుంది… లోపలంతా చీకటి.

ఆవిడ పెదాలు కదిలేయి. గుసగుసగా అడిగింది.

"బతికేడా?"

నూకరత్నం తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. వెనక ముసుగులోంచి పరదేశి, "ఎవరే?" అన్నాడు.

ఆ మాట వినపడగానే ఆ ఆడమనిషి గుమ్మంలోనే కూలబడిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దెయ్యాలు ఏడుస్తాయని నూకరత్నం విన్నది గానీ, చీరకొంగుతో ముక్కు చీదుకుంటాయని ఎప్పుడూ వినలేదు. దాంతో సగం భయం వదిలింది. చెయ్యి పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉంది.

ఆవిడ పేరు కాసులమ్మ. చీడికాడలో లెక్కల టీచరు. కిందటేడు పడుకుని లేవని ఆయన ఆవిడ భర్తే.

"ఆయనకీ ఇదే గురక" అంది, నీళ్ళు తాగి తేరుకున్నాక. "ఆ రాత్రీ ఇలాగే ఆగింది. హమ్మయ్య, ఇక పడుకోవచ్చనుకున్నాను. హాయిగా పడుకున్నాను కూడానమ్మా… తెల్లారేదాకా."

ఏడాది తిరిగిందని మళ్ళీ అదే ఓడలో, అదే గది అడిగి తీసుకుందట. ఎవరూ లోపలికి రావద్దనీ, తనున్నట్టు ఎవరికీ చెప్పొద్దనీ ఓడవాళ్ళని బతిమాలుకుందట.

"ఏడాదిగా నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. నిన్న మీ వైపు నుంచి ఆ మోత వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. కునుకు పట్టబోయింది. అంతలో ఆగిపోయింది. పదిహేను దాకా లెక్కపెట్టేను. ఉండబట్టలేక కొట్టేను. లేచేడు. ఇక ఆగినప్పుడల్లా కొట్టేను."

"మరిందాక ఎందుకు ఊరుకున్నావు తల్లీ?" అంది నూకరత్నం.

కాసులమ్మ తలొంచుకుంది.

"మీరు తిట్టేరు కదమ్మా, మర్యాద లేదని. నిజమే కదా, ఎవరో ఏమిటో తెలీనివాళ్ళ గోడ రాత్రంతా కొట్టడమేమిటని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ముప్పై దాకా లెక్కపెట్టేను. నలభై… మళ్ళీ చెయ్యెత్తేసరికి మీ కేక వినపడింది."

నూకరత్నం ఆ మనిషిని దగ్గరికి లాక్కుని, అలాగే నేలమీద కూర్చుండిపోయింది. ఇందులో ఒక్క ముక్కా సరిగ్గా బుర్రకెక్కని పరదేశి ముసుగు తీసి, అన్నింటికంటే ముందు తేలాల్సిన సంగతి తేల్చుకున్నాడు.

"ఉండలు తిన్నది తవరేనా అమ్మా?"

"నేనే బాబూ. రెండు మిగిలేయి."

ఆ రాత్రే పరదేశిని ఓడ డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్ళేరు. డాక్టరు వేలికి ఏదో తగిలించి, నిద్రపొమ్మని చెప్పి, పక్కన కూర్చుని చూసేడు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బన్నాడు. ఇల్లు చేరగానే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి, రాత్రిళ్ళు మొహానికి తొడుక్కునే మిషను రాస్తారు, ఈలోగా వెల్లకిలా పడుకోనివ్వద్దు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండండి, అన్నాడు. పొద్దున్న ఆ మాట విని ఖాదర్ ఊరుకోలేదు. "ఇన్నాళ్ళూ పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకోమని రైతులకి మాస్కులమ్మేవు బావా. ఇక నువ్వేసుకుని పడుకో. అక్క పక్కలో పురుగు కూడా ఉండదు" అన్నాడు. పరదేశి అతనితో ఆ పూటంతా మాట్లాడలేదు.

మూడో రాత్రి నూకరత్నం పక్క గదికి వెళ్ళి, కాసులమ్మకి దుప్పటి కప్పి మరీ చెప్పింది.

"నువ్వివాళ పడుకో కాసులమ్మగారూ. లెక్క నేనెడతాను."

తిరిగొచ్చి, మొగుణ్ణి పక్కకి తిప్పి, వీపు వెనక రెండు దిళ్ళు దోపి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పదకొండయింది. పన్నెండయింది. గురక ఆగినప్పుడల్లా వేలితో మొగుడి డొక్కలో ఒక పోటు పొడుస్తోంది. పరదేశి లేస్తున్నాడు, పడుకుంటున్నాడు.

ఒంటిగంట దాటేక గోడవతల్నుంచి ఏదో మొదలైంది.

ముందు ఎవరో సన్నగా రంపం కోస్తున్నట్టు. తరవాత రంపం పెద్దదయింది. తరవాత దూలాలే కోస్తున్నారు. మంచం పక్క బల్ల మీద గాజుగ్లాసు గణగణమని అదిరింది. ఓడకి ఏదో అయిందనుకుని పరదేశి తనంతట తనే లేచి కూర్చున్నాడు. కాసేపు విన్నాడు. నిద్ర చెడిన మొహం జేవురించింది.

"ఎవరే అది? కొంచెమైనా బుద్దుండక్కర్నేదా? పక్కన మనుసులున్నారన్న గ్యానం నేదా?" అని పిడికిలి బిగించి గోడ మీదికి ఎత్తేడు.

గాల్లోనే ఆ చెయ్యి పట్టేసింది నూకరత్నం.

"గోడ ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేత్తాను మావా" అంది, గొంతెత్తకుండానే. "ఆ మనిసి నిద్దరోయి ఏడాదయింది."

పరదేశి చెయ్యి దించేడు. గోడకి చెవి ఆనించి నూకరత్నం చాలాసేపు వింది. అవతల మోత ఎక్కడా తెగకుండా, ఒకే జోరున సాగుతోంది.

ఆ రాత్రి తెల్లవార్లూ పరదేశికి కంటి మీద కునుకు లేదు.