బావ స్టాప్ లాస్

ధర్మేంద్ర పరిగెడుతున్నాడు.

చేతిలో బావ ఫోన్!

సాలూరు లారీల యార్డు. చీకటి. వెనక చెప్పుల చప్పుడు... దగ్గరవుతోంది.

“ఒరే ధర్మేంద్రా, ఫోనిచ్చీరా.” ప్రమోద్ గొంతు.

టార్పాలిన్ కప్పిన లారీ కిందకి దూరాడు. ఊపిరి బిగబట్టాడు.

ప్రమోద్ మేనత్త కొడుకు. కాలేజీలో ఒకే బెంచీ. వాడు బిట్‌కాయిన్ కొంటే ధర పెరుగుతుంది. ధర్మేంద్ర కొనేసరికి పడిపోతుంది. “మీ బావని సూసి నేర్సుకో” అంటుంది అమ్మ, అన్నం వడ్డిస్తూ.

ఆ ముద్ద గొంతు దిగదు.

అందుకే ఈరోజు ఎదురు పందెం. పెరుగుతుందని బావ కొన్నాడు. పడుతుందని ధర్మేంద్ర ఉన్నదంతా పెట్టాడు, బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజి ఇచ్చిన అప్పుతో సహా. స్టాప్ లాస్ పెట్టలేదు. పెరిగితే మొత్తం ఊడ్చిపెట్టుకుపోతుంది.

బావ పెట్టాడు. ధర పడి, తాను పెట్టిన హద్దు గీతను తాకితే చాలు, కాయిన్లు వాటంతటవే అమ్ముడవుతాయి. కొంచెమే పోతుంది.

కొంచెమే ఎందుకు పోవాలి?

బావ ఫోన్ లాక్ తెలుసు. తెరిచాడు. స్టాప్ లాస్... క్యాన్సిల్!

తెర మీద ధర చూపే ఎర్ర కడ్డీలు... కిందకి... ఇంకా కిందకి! గీత ఉండాల్సిన చోటు దాటేసింది. బావ డబ్బు కరిగిపోతోంది.

పడు... ఇంకా పడు.

తన పందెం గెలుస్తోంది. తన ఫోన్ జేబులోనే ఉంది. లాభం తీసుకుని ఇప్పుడే బయటపడాలి.

ఒక్క నిమిషం. బావ మునగడం చూసి...

ఆకుపచ్చ కడ్డీ!

ధర ఒక్కసారిగా ఎగిరింది. బావ కొన్న రేటు దాటి... పైకి... ఇంకా పైకి!

ముఖం మీద టార్చి వెలుగు.

“దొరికినావా.” ప్రమోద్ ఫోన్ లాక్కున్నాడు. చూశాడు. “స్టాప్ తీసీసినావేటి?”

ధర్మేంద్ర లారీ కింది నుంచి పాకి, చక్రం పక్కన కూర్చున్నాడు.

“అదుంటే అడుగునే అమ్మీసి నన్ను బయటికి గెంటీసును.” ప్రమోద్ కాయిన్లన్నీ వెంటనే అమ్మేశాడు. “ఇది లక్కురా. రేపు మళ్లీ స్టాప్ ఎడతాను. మరి నీదేటైంది?”

జేబులో ఫోన్ వణికింది. ధర్మేంద్ర తీసి చూశాడు.

మెసేజ్. ధర పెరగడంతో ఎక్స్ఛేంజి వాళ్లే పందెం మూసేశారు. బ్యాలెన్స్... సున్నా.

ప్రమోద్ అదీ చదివాడు. భుజం తట్టాడు.

“లెగు, ఇంటికెల్దాం. అత్తకి సెప్పనులే. నా లాభంలో నీకూ ఏదో ఇస్తాను.”

ఏదో ఇస్తాడట!

బావ వెనుదిరిగి నడుస్తున్నాడు. లారీ చక్రం పక్కన జాకీ రాడ్డు. ధర్మేంద్ర వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్నాయి...

బావ చేతిలోని టార్చి నేల మీద పడి, గుండ్రంగా దొర్లింది.