వకాలత్ క్యాసెట్

ఎనభై ఐదు ఫిబ్రవరిలో ఒక ఉదయం. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంటి వంటగదిలో నూర్ బీ టీ కాస్తోంది. ఆమె భర్త కరీముల్లా ఆ ఇంటికే డ్రైవరు. బియ్యం మూట మీద కూర్చుని, టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"నేను, రాయచోటి కరీముల్లాను. నా బిడ్డ మజీదా నికాకు ఒప్పుకుంటాండా. నా తరపున మా అన్నకు వకాలత్ ఇస్తాండా."

నూర్ బీ స్టవ్ కట్టేసింది. "ఎవురి నికా?"

"మజీదాదే. అన్న మంచి సంబంధం తెచ్చినాడు. ఆదివారమే నికా. ఉత్తరమైతే ఎవురైనా రాస్తారు, నా గొంతే వినాలన్యారంట పెద్దోళ్లు. మధ్యాన్నం అల్లాబకష్ ఊరికి పోతాండాడు, ఆయన చేతికిస్తా."

"పాపకు పదహారే గదా! పదో తరగతి పరీచ్చ రాస్తానని మొన్న గూడా రాసింది. నన్నొక మాట అడగల్యా?"

"తండ్రి ఒప్పుకుంటే సాలు. నిన్నడిగేదేముంది?"

కోపంగా కూడా అనలేదు మహానుభావుడు. టీలో చక్కెర సరిపోయిందన్నట్టు అన్నాడు. నూర్ బీకి ఏడుపు రావాలి, రాలేదు. చేతులు వాటంతటవే కప్పులు కడిగాయి. తనే ఊరికి పోయి ఆపాలి, సెలవు కోసం ఇంటి యజమానురాలు మామాను అడగాలి అనుకుంది.

మామా ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకుంటానని స్నేహితురాళ్లతో పొద్దున్నే, ఆ జాబితా రాసే పోలీస్ స్టేషనుకు వెళ్లింది. పది గంటలకు తిరిగొచ్చి హ్యాండుబ్యాగు సోఫాలో పడేసింది.

"మా పేర్లు రాసుకోలేదు. చట్టంలో ఓటు మగవాళ్లకే అని ఉందట. టీ ఇచ్చి మర్యాదగా పంపేశారు."

నూర్ బీ తనకొచ్చిన అరబ్బీలో తన గోడు చెప్పుకుంది. మామా అంతా విన్నది.

"టికెట్ నేను కొంటాను. కానీ నీ వీసాకు పూచీపడిన కఫీల్ నేను కాదు, మా ఆయన. నీ పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరుంది. ఆయన వచ్చే వారం గానీ రారు." నవ్వింది. "ఆరువందల మంది పిల్లలకు సెలవిచ్చేదాన్ని. నీకు ఇవ్వలేను చూడు."

మధ్యాహ్నం కరీముల్లా క్యాసెట్టును చేతిరుమాల్లో చుడుతుంటే నూర్ బీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అరవలేదు.

"నన్నడిగింటే ఏం చెప్పేదాన్నో తెలుసునా మీకు?"

"ఏం చెప్తావు?"

"వద్దని. మన నికా రోజు గూడా వద్దనే అనుకున్యా. ఎవురూ అడగల్యా."

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఈ మాట అతను వినలేదు. మొహం చిన్నబోయింది. "నేనంటే ఇష్టం ల్యాకనా?"

"అప్పుడు మీరెవరో నాకేం తెలుసు? బడికి పోవాలనుకున్యా, అంతే."

బయట అల్లాబకష్ ట్యాక్సీ హారన్ కొట్టింది. కరీముల్లా బియ్యం మూట మీద కూలబడ్డాడు. హారన్ మళ్లీ మోగింది. రుమాలు విప్పాడు, టేపు వెనక్కి తిప్పాడు, ఎర్ర మీట నొక్కాడు.

"అన్నా, నికా ఆపండి. పాప పరీచ్చ రాయాల. నేను ఒప్పుకోను."

క్యాసెట్టు ఇచ్చి లోపలికొచ్చాడు. "ఖలాస్, అయిపోయింది. నిన్నడగకపోవడం నాదే తప్పు. సంతోషమేనా?"

ఆమె తల ఊపింది. "నేను వద్దన్నానని చెప్పల్యా మీరు."

"చెప్తే నికా ఆగుతాదా మే?" మెల్లగా, ప్రేమగానే అడిగాడు.

ఆగదు. ఆమెకూ తెలుసు. పొద్దుటినుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. బిడ్డ పరీక్ష రాస్తుంది, అది చాలుననుకుంది నూర్ బీ. ఎంత అనుకున్నా చాలలేదు.